స్టాఫ్ వార్డ్

ఫీజు రసీదు మీద నా పేరు పక్కన
ఎప్పుడూ ఒక ముద్ర: స్టాఫ్ వార్డ్, సగం.
సొహార్‌లో మూడో తరగతి చదివేటప్పుడు
ఆ సగం నేనే అనుకున్నాను.

ఇంట్లో ఉన్నంతసేపే అమ్మ.
బస్సు మెట్టు మీద కాలు పెడితే అనసూయ మిస్.
"అమ్మా, నీళ్ల సీసా" అని ఒకసారి నోరు జారితే
బస్సంతా నవ్వింది.
ఆమె వెనక్కి తిరగలేదు.
దిగేటప్పటికి సీసా మాత్రం
నా ఒళ్లో ఉంది.

పరీక్షలొస్తే మా ఇంట్లో
అన్నం తినడానికి చోటుండదు.
చాప మీద ఎనిమిది బి, ఎనిమిది సి.
ఏసీ గాలికి ఎగరకుండా
ఒక కట్ట మీద పప్పుగుత్తి,
ఇంకోదాని మీద నాన్న పాత సేఫ్టీ బూటు.
కూడికలు నావి.
తొమ్మిదీ నాలుగూ పదమూడు, పైన అర.

అందుకే వాడికంటే ముందు నాకు తెలుసు
షమ్నాద్‌కి పదకొండే అని.
మర్నాడు క్యాంటీన్‌లో
పరాటాలో చిప్స్ నలిపి చుట్టి
సగం తుంచి నా చేతిలో పెట్టి
"ఈసారి నలభై గ్యారంటీ" అన్నాడు.
నమిలాను.
చాలాసేపు నమిలాను.

"ఇంట్ల జూసింది గడప దాటొద్దు బిడ్డా."
మా ఫ్లాట్‌కి గడపే లేదు,
తలుపు కింద సందులోంచి ఇసుక వచ్చేది.
ఆ లేని గడపని
నేనెన్నడూ దాటలేదు.

నాకు మంచి మార్కులొస్తే
పేపర్ ముందే చూసిందనేవాళ్లు.
ఆ మాట రాకుండా అమ్మ కాపలా కాసేది:
యూనిట్లు రాయలేదని అర,
కొట్టివేత శుభ్రంగా లేదని ఇంకో అర.
"రీమాకి కొయ్యలేదుగా" అన్నాను.
"రీమా నా బిడ్డ గాదు గద"
అంది, పెన్ను మూత నొక్కుతూ.
ఎన్నిసార్లు చేసినా
ఆ లెక్క నాకు ఒక్కలా తేలలేదు.

ఏడాది మధ్యలో పిల్లలు మాయమయ్యేవాళ్లు.
ఎవరి నాన్నదో కంపెనీ మూతపడేది,
ఎవరి వీసానో ఆగిపోయేది.
బెంచీ ఖాళీ. హాజరులో ఆ పేరు దగ్గర
అమ్మ గొంతు గతుకులో చక్రంలా పడి లేచేది.
పేరును ఎర్ర సిరాతో కొట్టేయాలి, రూలు.
ఆమె పెన్సిల్‌తో గీసేది.
మళ్లీ వస్తే?
ఎవరూ రాలేదు. షమ్నాద్ కూడా.
మార్చిలో వైస్ ప్రిన్సిపాల్ రిజిస్టర్ చూసి చివాట్లు పెడితే
ఆ సాయంత్రం స్కేలు పెట్టి
ఒక్కో గీత మీదా ఎర్ర గీత దిద్దింది.
బస్సు పోయింది. వాచ్‌మన్ ఇచ్చిన ఖర్జూరాల గింజలు
మెట్ల మీద వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను.
సముద్రం వైపు నుంచి ఎండు చేపల వాసన.

తొమ్మిదో తరగతి డిసెంబర్.
నాన్నకి పోర్టులో పని పోయింది.
నేనూ నాన్నా జగిత్యాలకి,
అప్పు తీరేదాకా అమ్మ ఇక్కడ.
నా టీసీ రాయాల్సింది క్లాస్ టీచర్.
అంటే అనసూయ మిస్.

స్టాఫ్‌రూమ్‌లో నిలబడ్డాను,
కూర్చోమనలేదు.
కార్బన్లు పెట్టి మూడు కాపీలు.
పుట్టిన తేదీ అంకెల్లో, తర్వాత అక్షరాల్లో,
ఆ రోజు ఎక్కడుందో మర్చిపోయినట్టు.
మానడానికి కారణం: తల్లిదండ్రుల కోరిక.
ప్రవర్తన దగ్గర పెన్ను ఆగింది.
అందరికీ రాసేది "చాలా మంచిది."
నాకు రాసింది "మంచిది."

విమానంలో కోపంగా ఆ కాగితం తీసి చూశాను.
మాట ముందు ఒక చుక్క,
పెన్ను ఆగి నొక్కినచోట.
అవతలి వైపు వేలికి తగిలేంత.
మిగతా రెండు కాపీల్లోనూ పడే ఉంటుంది.

ఆదివారం బడి తెరిచారు.
నాది ఇరవై ఏడో నంబర్.
పెన్సిలా, సిరానా,
ఇన్నేళ్లలో అడగలేదు.